బస్సు కోసం మానేసిన మాత్రలు

డెల్ఫైన్ టబ్స్ బీపీ పట్టీలోకి చెయ్యి దూర్చి, రెండు పాదాలూ నేలకు ఆన్చి కళ్ళు మూసుకుంది. అమెరికాలోని మిసిసిపీ డెల్టాలో బడి బస్సు నడిపేవాళ్ళందరికీ ఈ కూర్చోవడం వచ్చు. కాలు మీద కాలు వెయ్యకూడదు, మాట్లాడకూడదు, ముందు రోజు నుంచీ కాఫీ ముట్టకూడదు. బీపీ దిగుతుందని, లోపలికి వచ్చే ముందు కార్లో కూర్చుని రెండు గుక్కల వెనిగర్ మింగాలి. డ్రైవర్లకు పెట్టే ఈ వైద్య పరీక్షలో బీపీ గీత దాటితే డ్రైవర్ కార్డు రాదు. కార్డు లేకపోతే బస్సు లేదు. బస్సు లేకపోతే ఇన్సూరెన్స్ లేదు. ఇన్సూరెన్స్ లేకపోతే డెల్ఫైన్‌కు మందులు లేవు.

అందుకని ఆమె మందులు మానేసింది.

వినడానికి పిచ్చిలా ఉంది కదా. ఆ పిచ్చి ఆమెది మాత్రం కాదు.

డెల్ఫైన్‌కు లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఒంటి మీద పడి కొరికే జబ్బు. ఆ కణాలను జోకొట్టి పడుకోబెట్టడానికి రెండు రకాల మాత్రలు ఇచ్చారు, అందులో ఒకటి స్టెరాయిడ్. బీపీ కూడా ఉంది, దానికి వేరే మాత్ర. ఈ రెండు జబ్బులకూ చుట్టరికం ఉందని క్లినిక్‌లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. బీపీ అనగానే ఉప్పు అన్నారు, బరువు అన్నారు. నల్లజాతి ఆడమనిషి బీపీతో వస్తే ముందుగా ఆమె వంటింట్లోకి తొంగి చూస్తారు. అక్కడితో వాళ్ళ వైద్యం అయిపోతుంది.

మాత్రలు ఆపమన్న సలహా రోజెటాది. పక్క రూటు బస్సు ఆమెదే. చర్చిలో ఇద్దరూ ఒకే బెంచీ.

"స్టెరాయిడ్ బీపీ పెంచుతుంది అక్కా. డబ్బాతో వచ్చిన కాగితంలోనే ఉంది చూడు," అంది రోజెటా బస్సుల షెడ్డులో. "పరీక్ష అయ్యేదాకా ఆపు. తర్వాత మింగుదువుగాని."

"మరి రెండోది?"

"అదీ ఆపు. దానివల్లే కదా నీ కడుపు గడబిడ? నిరుడు స్టాపు స్టాపుకీ దిగి పరిగెత్తావు. ఐదో తరగతి పిల్లలు నీ మీద పాట కట్టారు."

"ఆ పాట వాళ్ళకు నేర్పింది నువ్వే, దొంగమొహందానా."

నవ్వుకున్నారు. ఆ రోజు నుంచే డెల్ఫైన్ ఆ రెండూ ఆపేసింది.

మొదట్లో బాగానే ఉంది. స్టెరాయిడ్‌తో ఉబ్బిన మొహం తగ్గింది. మందుల షాపులో ఉన్న మిషన్‌లో చెయ్యి పెడితే బీపీ కాస్త దిగినట్టే కనబడింది. ఇంకా దిగాలని ఆకుకూరలో పంది మాంసం ముక్క వెయ్యడం మానేసింది. చర్చి భోజనాల్లో పళ్ళెం ముందు పెట్టుకుని మంచినీళ్ళు తాగింది. ఆ తర్వాత చీలమండలు వాచాయి. బూట్లు పట్టక చెప్పులతో బస్సు నడిపింది. దవడ కింద, చంకల్లో బిళ్ళలు కట్టాయి. ఒంటికి పోతే నురగ కనిపించింది. బుగ్గల మీద ఎర్రమచ్చ మళ్ళీ రెక్కలు విప్పింది. అద్దంలో అన్నీ చూసుకుంది. పరీక్ష అయిపోనీ, అనుకుంది.

"మిస్ డెల్ఫైన్, ఇంకోసారి చూద్దామండీ," అంది పరీక్ష గదిలో నర్సు, పట్టీ మళ్ళీ బిగిస్తూ.

"చూడు బంగారం, ఎన్నిసార్లయినా చూడు."

రెండోసారి చూసింది. మిషన్ మార్చి మళ్ళీ చూసింది.

"రెండు వందల పన్నెండు. పొద్దున ఏం తిన్నారు? ఉప్పు పట్టిన బేకన్ మాంసమా?"

"ఓట్స్. ఉప్పు లేని ఓట్స్. గోడకు పోస్టర్లు అంటించుకోవచ్చు దాంతో. రాసుకో."

నర్సు నవ్వలేదు. వాచిన కాళ్ళ వైపు చూసి ఫోన్ అందుకుంది. అంబులెన్స్ అన్న మాట వినగానే డెల్ఫైన్ లేవబోయింది. "మధ్యాహ్నం నా పిల్లలను ఎవరు ఎక్కించుకుంటారు?" అంది. కళ్ళ ముందు గది పక్కకు ఒరిగింది.

ఆసుపత్రిలో మూత్రపిండాల డాక్టర్, అంజోరిన్ అనే పెద్దాయన, కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. పదేళ్ళలో ఆమె ముందు కూర్చుని మాట్లాడిన డాక్టర్ ఆయనొక్కడే.

"మీ చేల పక్కన మురుగు కాలవలు ఉంటాయి కదమ్మా?"

"ఉంటాయి. వానొస్తే రోడ్డేదో కాలవేదో తెలీకుండా నడుపుతాను."

"ఒంట్లోనూ అలాంటివి ఉన్నాయి. నెత్తురు గొట్టాల్లోంచి బయటికి ఊరిన నీళ్ళనూ ఉప్పునూ, పనయిపోయిన కాపలా కణాలనూ అవే మోసుకుపోతాయి. మీ దవడ కింద బిళ్ళలు ఆ కాలవల మీది తూములు. మాత్రలు ఆపేసరికి కణాలు మూత్రపిండాల మీద దండెత్తాయి. అంత సరుకు మొయ్యడం కాలవల వల్ల కాలేదు. మూత్రపిండాలు వాచాయి. వాచినవి ఉప్పును బయటికి పోనివ్వవు. బీపీ అక్కడ లేచింది."

"అయితే నేను తిన్న ఉప్పు కాదా?"

"ఉప్పు తగ్గించడం మంచిదే. కానీ ఈసారి మీరు గాలి తిని బతికినా లేచేది."

"స్టెరాయిడ్ బీపీ పెంచుతుందన్న మాట అబద్ధమా?"

"నిజమే, కొంత పెంచుతుంది. ఆపితే వచ్చేది అంతకన్నా పెద్ద ముప్పు. ఎవరూ చెప్పలేదా?"

"నాకు కూరలో ఉప్పు సంగతే చెప్పారు డాక్టర్. పదేళ్ళుగా అదే చెప్పారు."

ఆయన తల దించుకున్నాడు. ఆయన దించుకుని ఏం లాభం? దించుకోవాల్సిన తలలు వేరే ఉన్నాయి, అవి హాయిగా ఏసీ గదుల్లో ఉన్నాయి.

"మూత్రపిండాలు తిరిగొస్తాయా?"

"కొంత వస్తాయి. పూర్తిగా అని చెప్పలేను. బస్సు మాత్రం ఇప్పట్లో కుదరదు."

సాయంత్రం రోజెటా వచ్చింది. గుమ్మంలోనే నిలబడి సంచి పట్టీని నలుపుతోంది.

"ఆపమన్నది నేనే కదా అక్కా."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. మనిద్దరికీ చెప్పాల్సినవాళ్ళు నోరు మూసుకున్నారు. రా, కూర్చో."

రోజెటా కూర్చోలేదు. "ఆఫీసువాళ్ళు బస్సు తాళాలు అడిగారు. రేపటి నుంచి వేరేవాళ్ళు..."

డెల్ఫైన్ దిండు పక్కనున్న హ్యాండ్‌బ్యాగులోంచి తాళాలు తీసింది. వెంటనే ఇవ్వలేదు.

"వెనక తలుపు పైకెత్తి లాగాలని చెప్పు. చర్చి మలుపులో ఎక్కే పిల్లకు చలి ఎక్కువ, హీటరు పక్క సీటు ఇమ్మను."

"చెబుతాలే."

"నీ పరీక్ష ఎప్పుడు?"

"గురువారం."

"నీ కీళ్ళవాపు మాత్రలు కూడా ఈ కణాలను పడుకోబెట్టేవే కదే? వేసుకుంటున్నావా?"

రోజెటా కిటికీ వైపు చూసింది.

"ఒసే, నిన్నే."

"గురువారం అయిపోనీ అక్కా."

డెల్ఫైన్ ఆమె మణికట్టు పట్టుకుంది. కణుపులు వాచి వేడిగా ఉన్నాయి. ఏం చెప్పాలి? బస్సు పోయినా ఫరవాలేదని చెప్పాలా? ఆ మాట తనకు ఎవరైనా చెప్పి ఉంటే వినేదా? పట్టు వదిలేసింది. రోజెటా తాళాలు అందుకుని సంచిలో వేసుకుంది. లోపల వెనిగర్ సీసాకు తగిలి అవి టంగుమన్నాయి.