హుల్కీ బే నెత్తిమీది జాబితా

శుక్రవారం నమాజుకు ముందు మా వెఫా పేట మగవాళ్లంతా నా కొట్టు దగ్గరే ఉంటారు. తడిబట్ట కప్పి, వేడి ఇత్తడి అచ్చు కింద నొక్కానంటే ఎంత నలిగిన ఫెజ్ టోపీ అయినా నిటారుగా నిలబడాల్సిందే. ఇస్తాంబుల్లో ఈ పనిలో నన్ను మించినవాడు లేడు. అలాంటి నేను ఆ రోజు రెండు టోపీలు తారుమారు చేశాను.

ఒకటి పోలీసు అధికారి హుల్కీ బేది. రెండోది మా బావ, బడిపంతులు రాసిహ్ ఎఫెందిది. హుల్కీ వెళ్లిపోయాక బావ తన టోపీ లోపలి తోలుపట్టీ తడిమి తెల్లబోయాడు.

"ఇది నాది కాదురా! నా దాంట్లో జాబితా ఉంది!"

ఎల్లుండే ఎన్నిక. ప్రభుత్వ పార్టీని కాదని ఉదారవాదులకు ఓటేస్తామని రహస్యంగా మాటిచ్చిన పద్దెనిమిది మంది పేర్లవి. దొరికితే అందరికీ సినోప్ జైలే.

"మరి ఇస్త్రీకెందుకిచ్చావు బావా?"

"శుక్రవారం కదరా, అలవాటుకొద్దీ ఇచ్చేశా."

నమాజు కాగానే హుల్కీ నలుగురు జవాన్లతో బావ ఇంటిమీద పడ్డాడు, ఎవరో ఉప్పందించారట, ఆ జాబితా కోసమే. నేనూ అక్కడే ఉన్నాను. పరుపులు చించారు, ఊరగాయ జాడీలు దేవారు.

"ఆ చేత్తోనే అటక కూడా దులపండి నాయనా, పుణ్యముంటుంది," అంది మా అక్క తలుపు చాటు నుంచి.

హుల్కీకి చెమటలు పట్టాయి. తుడుచుకుందామని టోపీ మీద చెయ్యి వేశాడు. నేను గబుక్కున ముందుకు దూకాను.

"అయ్యో, హుల్కీ బే! పక్కన సొట్ట పడిందండీ. నలుగురూ చూస్తే నా పరువేం కాను? ఇలా ఇవ్వండి, నొక్కి తెస్తా. అందాకా మా బావది పెట్టుకోండి."

సోకులరాయుడు వెంటనే ఇచ్చేశాడు. బావ నెత్తిమీది టోపీ పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ చూసుకున్నాడు.

"పంతులూ, ఇదే నాకు నప్పింది. నేనే ఉంచుకుంటా."

"మీ దయ," అన్నాడు బావ ఏడుపుమొహం పెట్టి.

ఆ కాగితం నా కుంపట్లోనే బూడిదైంది. ఎన్నిక రోజున ఓట్ల పెట్టె డప్పులతో ఊరేగింది, ఒకే ఒక్క ఓటుతో మావాళ్లు గెలిచారు. బావ, అంత పెద్దమనిషి, నన్ను కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

మరుసటి శుక్రవారం హుల్కీ వచ్చాడు.

"ఆ జాబితా ఎక్కడ దాచారో తల బద్దలు కొట్టుకున్నా తెలియలేదోయ్."

"అంతపని చెయ్యకండి హుల్కీ బే," అన్నాను టోపీ అందుకుంటూ, "టోపీ పాడైపోతుంది."