అరువు వరసలు

నా ఫోన్ కిందపడి అద్దం పగిలితే పెద్దమ్మాయి తన పాత ఫోన్లో నా సిమ్ వేసి ఇచ్చింది. "పేర్లన్నీ ఇందులోనే ఉన్నాయమ్మా, నొక్కడమే నీ పని" అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోయింది. కంప్యూటర్ల ఉద్యోగం దానిది. లోకంలో అన్నీ నొక్కితే అయిపోతాయనుకుంటుంది.

ఆ మధ్యాహ్నమే మా చెల్లెలు నాతో పోట్లాడి స్టేషన్‌కి బయల్దేరింది. గొడవేమంత పెద్దది కాదు. దాని సంచి నేను సర్దాను. అది విప్పి మళ్ళీ సర్దింది. "నువ్వు ముట్టుకుంటే నాకు ఒక్కటీ దొరకదు కంగారక్కా!" అంది. ఆ పేరు చిన్నప్పటినుంచీ అదొక్కతే పిలుస్తుంది. నేనూ ఊరుకోలేదు. మాటకి మాట పెరిగింది. గుమ్మం దాటుతూ "పోతున్నా" అంది. వెళ్ళొస్తా అనలేదు.

మా నాన్న ఒకనాడు అదే మాటన్నాడు. తిరిగి ఆ గుమ్మంలోకి రాలేదు. నాకు కాలు నిలవలేదు. రైలు కదిలేలోగా చెల్లెలి నోట ఆ "వెళ్ళొస్తా" వినాలి.

ఫోన్లో "చెల్లి" అని కనబడింది. నొక్కాను.

"ఏంటమ్మా, మీటింగ్‌లో ఉన్నా" అంది మా చిన్నమ్మాయి.

"నువ్వెత్తావేంటే? నేను చేసింది మా చెల్లికి!"

"అక్క ఫోన్లో చెల్లంటే నేనే కదా తల్లీ! పిన్ని అని ఉంటుంది, చూడు" అంటూ పకపకా నవ్వి పెట్టేసింది.

నిజమే. నా చెల్లెలు నా కూతురికి పిన్ని. "పిన్ని" అని నొక్కాను.

"అబ్బో! పొద్దు పడమట పొడిచింది. గుర్తున్నానా అక్కా?"

మా తోడికోడలు. ఆవిడా పిన్నే, నా ఖర్మ! తన మోకాళ్ళ నొప్పుల కథ మొదలుపెట్టింది. పనుందన్నాను.

"పనుంటేనేగా మనం గుర్తొచ్చేది!"

ఎలాగో వదిలించుకున్నానో లేదో, మళ్ళీ మోగింది. పిన్ని. ఇంకా నొప్పులు మిగిలాయా అని కట్ చేశాను. మళ్ళీ పిన్ని. మళ్ళీ కట్ చేశాను.

అప్పుడు తట్టింది. పిన్నులు ఇద్దరు కదా! వెంటనే తిరిగి చేస్తే అందుబాటులో లేరంది. రైలు వెళ్ళిపోయింది.

సాయంత్రం పెద్దమ్మాయి చెప్పులైనా విప్పకముందే దులిపేశాను. అది తాపీగా కూర్చుంది.

"ఫోన్ తప్పేం లేదమ్మా. పేరు మనిషికి అతుక్కుని ఉండదు, మనం ముడేస్తాం. ఎవరు వేసిన ముడి వాళ్ళ వరసకే పనికొస్తుంది. కంప్యూటర్లలోనూ అంతే. ఒకే పేరు, ఇక్కడ వెతికితే ఒకటి, అక్కడ వెతికితే ఇంకొకటి. అందులో ఉన్నవి నా వరసలు."

"మరి నీ వరసలు నాకెందుకు అంటగట్టావే?"

నాలుక కరుచుకుని ఫోన్ తీసుకుంది. మా చెల్లెలి నంబరు పట్టి "చెల్లి" అని మార్చబోతే, ఆ పేరు ముందే ఉంది, ఇద్దర్నీ కలిపెయ్యనా అని అడిగింది ఫోన్.

"వద్దు! ఉన్న ఒక్కదాన్నీ కలిపేస్తే నేనెక్కడ వెతుక్కోను?"

ఇంతలో దాని చేతిలోనే టింగుమంది. పైన పిన్ని అనే ఉంది. కింద చదివాను.

"రెండుసార్లు చేస్తే కట్ చేశావు. ఇంకా కోపమేనా కంగారక్కా? వెళ్ళొస్తా."

"ఇంతకీ పిన్నికి ఏం పేరు పెట్టమంటావు?" అంది అమ్మాయి.

"నీ ఇష్టమొచ్చింది పెట్టుకో. ముందు దానికి ఫోన్ కలుపు!"