మబ్బులకి సున్నం వేయబోయిన మేస్త్రి

రండి, రండి, దగ్గరికి జరగండి. అదిగో, ఆ మూలన గుసగుసలాడుకునే ఇద్దరూ, మీ కబుర్లు ఎక్కడికీ పారిపోవు, మూటగట్టి పక్కన పెట్టుకోండి. దగ్గు వచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. మధ్యలో దగ్గితే కథకి జలుబు చేస్తుంది. అయిందా? సరే, చెవులు ఇటు పారేయండి.

ఒక వీధిలో ఇద్దరు రంగుల మేస్త్రులు ఉండేవాళ్ళు. అన్నదమ్ములు. పెద్దవాణ్ణి పెద్ద మేస్త్రి అనేవాళ్ళు, చిన్నవాణ్ణి చిన్న మేస్త్రి అనేవాళ్ళు. వాళ్ళ అసలు పేర్లు వాళ్ళ అక్కకి తప్ప ఎవరికీ గుర్తులేవు.

పెద్ద మేస్త్రి చెయ్యి ఎలాంటి చెయ్యంటే, గోడకి ఆకుపచ్చ వేస్తే మేకలొచ్చి నాలుకలు అరిగేదాకా నాకేవి. నీలం వేస్తే పిచ్చుకలు ఆకాశమనుకుని తిన్నగా వచ్చి గుద్దుకునేవి. ఆ వీధి పిచ్చుకలకి ఇప్పటికీ ముక్కు కాస్త ఎడమకి తిరిగి ఉంటుంది, కావాలంటే వెళ్ళి చూసుకోండి.

చిన్న మేస్త్రికి చేతికంటే నోరు ముందు నడిచేది. అబద్ధం చెప్తే అతికినట్టుండాలంటారు. ఇతను చెప్తే అతుకే కనపడేది కాదు, పగులుకి లప్పం పట్టి గరుకు కాగితంతో నున్నగా రుద్దినట్టుండేది.

మేడలకి రంగు వేయాల్సి వస్తే ఇద్దరూ తాళ్ళకి వేలాడే పలక ఒకటి కట్టుకుని దాని మీద కూర్చునేవాళ్ళు. ఈ కొసన తాడు అన్న చేతిలో, ఆ కొసన తాడు తమ్ముడి చేతిలో. ఇద్దరూ ఒకేసారి వదిలితేనే పలక సమంగా దిగుతుంది.

"అన్నయ్యా, జానెడు వదులు."

"వదిలాను. నువ్వు కోతలు కోయడం ఆపితే నీ వైపు కూడా దిగుతుంది."

కింద దారిన పోయేవాళ్ళు తలెత్తి నవ్వేవాళ్ళు. ఎండాకాలమంతా ఇలా గడిచిపోయేది.

ఎండలు తగ్గి మబ్బులు ముసురుకునే రోజులొచ్చేసరికి మాత్రం పెద్ద మేస్త్రి మారిపోయేవాడు. మొదట ఏ రంగులో ఏది ఎంత కలపాలో తేల్చుకోలేక డబ్బా ముందు గంటసేపు కూర్చునేవాడు. తర్వాత స్నానం మానేసేవాడు. పెట్టిన కంచం పెట్టినట్టే ఉండేది. ఆఖరికి వెనక గదిలో గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కళ్ళు తెరిచే ఉండేవి, చూపు మాత్రం ఎక్కడా ఆనేది కాదు. అలా మూడు నెలలు. మళ్ళీ ఎండ కాయగానే లేచి, గడ్డం గీయించుకుని, ఏమీ జరగనట్టు బ్రష్షులు కడుక్కునేవాడు.

చిన్న మేస్త్రి భార్య ఇంట్లో కుట్టుమిషను తొక్కేది. మొదటి ఏడాదే ఆమె మిషను ఆపి చెప్పింది.

"ఏమయ్యా, బావగారిది బద్ధకం కాదు, జబ్బు. కాలు విరిగితే కట్టు కట్టిస్తాం. మనసు విరిగితే మంచం కింద దాస్తామా?"

"నెమ్మదిగా అనవే, గోడలకి చెవులుంటాయి."

"ఉంటే ఉండనీ. రంగులేసింది మీరేగా, ఆ చెవుల్లో కూడా కాస్త పూసుండాల్సింది."

"మేస్త్రికి మతి చలించిందని పొక్కితే ఇంకెవరైనా మనల్ని గుమ్మంలోకి రానిస్తారా? అన్నయ్య పరువు ఏమవుతుంది?"

"ఆయన పరువు సంగతి సరే, ముందు ఆయన సంగతేంటి?"

చిన్న మేస్త్రి చొక్కా తగిలించుకుని వీధి మలుపులో ఉన్న సెలూన్‌కి వెళ్ళిపోయాడు.

వానాకాలంలో పనుల్లేని వాళ్ళందరూ ఆ సెలూన్‌లోనే చేరేవాళ్ళు. అక్కడ ఎవరో అడిగారు, పెద్ద మేస్త్రి కనపడటం లేదేమని. చిన్న మేస్త్రి నోరు దానంతట అదే నడిచింది.

"అన్నయ్యా? మబ్బులకి సున్నం వేయడానికి వెళ్ళాడు. చూడండి, ఎంత మసిపట్టి ఉన్నాయో. మూడు నెలల పని. నిచ్చెన చాలక సగం దారి గాలిపటం తోక పట్టుకుని ఎక్కాడు."

సెలూన్ దద్దరిల్లింది. సెలూనాయన చేతిలో కత్తెర పట్టుకునే చప్పట్లు కొట్టాడు. ఒకాయన క్రాపులో ఆ చప్పట్ల గుర్తులు నెల దాకా ఉన్నాయి.

రెండో ఏడు, హరివిల్లులో ఒక రంగు వెలిసిపోతే కబురంపారన్నాడు. మూడో ఏడు, నడిసముద్రంలో ఓడ అడుగుకి రంగు వేస్తున్నాడన్నాడు, ఊపిరి బిగబట్టి వేస్తున్నాడు గనక కబుర్లు ఉండవన్నాడు. నాలుగో ఏడు, ఓ గుర్రం తనకి చారలు కావాలని గోల చేసిందన్నాడు. చారలు వేయించుకుని ఇంటికెళ్తే ఆ గుర్రాన్ని సొంత తల్లే గుర్తుపట్టలేదట. అలా ఏటికో కథ. మొదటి చినుకు పడితే చాలు, సెలూన్‌లో బల్లలు నిండిపోయేవి. ఈసారి పెద్ద మేస్త్రి ఎక్కడికెళ్ళాడో వినాలని పక్క వీధుల వాళ్ళు కూడా వచ్చేవాళ్ళు.

కథలు అంత బాగుండటం వల్ల ఒక్కరూ ఇంటికొచ్చి మేస్త్రి ఎలా ఉన్నాడని అడగలేదు. మబ్బుల మీద ఉన్నవాణ్ణి వెనక గదిలో వెతికేదెవరు? వెనక గదికి సెలూన్ ఎంతో దూరం కాదు. నవ్వులు కిటికీలోంచి అక్కడిదాకా వినపడేవి. గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి వాటిని వింటూ ఉండేవాడు.

తొమ్మిదో ఏడు వానలు తొందరగా వచ్చాయి. ముసురు పట్టిన నాలుగో రోజు సాయంత్రం చిన్న మేస్త్రి సెలూన్‌లో బల్ల మీద కూర్చుని కొత్త కథకి గొంతు సవరించుకుంటున్నాడు. అప్పుడు గుమ్మంలో పెద్ద మేస్త్రి కనపడ్డాడు.

వానాకాలంలో అతను ఇల్లు దాటి రావడం అదే మొదలు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. మంచం మీంచి లేచి, చొక్కా తొడుక్కుని, ఆ నాలుగు గుమ్మాలు దాటి రావడానికి అతనికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టిందని చిన్న మేస్త్రి భార్యకి ఒక్కదానికే తెలుసు. ఆమె అడుగడుక్కీ తోడొస్తానంది. వద్దు, నేనే చెప్పుకుంటానన్నాడు.

"నాకు బాగోలేదు," అన్నాడు పెద్ద మేస్త్రి.

అందరి మొహాలూ అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాయి.

"మబ్బు పడితే నా లోపల దీపం ఆరిపోతుంది. అన్నం సహించదు. లేవబుద్ధి కాదు. ఈ ఏడు బతకబుద్ధి కూడా కావటం లేదు. నాకు భయంగా ఉంది. ఎవరైనా నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి."

అందరూ ఎదురుచూశారు. కథలో అసలు మలుపు ఇంకా రాలేదు కదా. సెలూనాయన ఆగలేక, "ఆరిపోతే అగ్గిపెట్టె ఇవ్వమంటావా మేస్త్రీ!" అన్నాడు. దాంతో నవ్వులు పగిలాయి.

పెద్ద మేస్త్రి తమ్ముడి వైపు చూశాడు. ఆ గదిలో ఇది కథ కాదని తెలిసినవాడు తమ్ముడు ఒక్కడే.

చిన్న మేస్త్రి లేచి అన్న చెయ్యి పట్టుకుంటే సరిపోయేది. ఒక్క మాట, "నిజమే" అంటే సరిపోయేది. కానీ తొమ్మిదేళ్ళ అలవాటు, తొమ్మిదేళ్ళ భయం. నోరు మళ్ళీ దానంతట అదే తెరుచుకుంది.

"మరి ఆ దీపం మామూలు దీపమనుకున్నారా? పోయినేడు సూర్యుడికి రంగు వేస్తుంటే ఓ చుక్క మింగేశాడు! అదే ఆరిపోయింది!"

కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. కింద పడి నవ్వారు. ఒకాయన నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు సబ్బు గిన్నెలో పడేసుకున్నాడు.

పెద్ద మేస్త్రి కూడా నవ్వాడు. పరాయి ఇంటికి వెళ్ళినప్పుడు, వాళ్ళ మాట అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వుతామే, అలా నవ్వాడు. తర్వాత వెనక్కి తిరిగి వానలోకి వెళ్ళిపోయాడు.

ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

చిన్న మేస్త్రీ, అతని భార్యా రెండు రోజులు వెతికారు. మూడో రోజు పొద్దున్న, సగం కట్టి ఆపేసిన ఓ మేడ కాపలావాడు కబురు తెచ్చాడు. ఆ మేడ కింది గదిలో, ఇంకా లప్పం పట్టని పచ్చి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు పెద్ద మేస్త్రి. తడిసిన బట్టలు ఒంటి మీదే ఆరి, మళ్ళీ తడిశాయి. ఒళ్ళు కాలిపోతోంది. తమ్ముడు వచ్చి ఎత్తుకుంటే బరువే లేడు.

ఆస్పత్రిలో జ్వరం నాలుగు రోజులకి దిగింది. డాక్టరమ్మ కాగితం పెట్టుకుని కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంటున్నారు?"

"తొమ్మిదేళ్ళమ్మా. వానలు మొదలైతే మొదలవుతుంది," అన్నాడు చిన్న మేస్త్రి.

"ఈ తొమ్మిదేళ్ళూ మీరేం చేశారు?"

చిన్న మేస్త్రి నోరు తెరిచాడు. ఓడలూ గుర్రాలూ ఏవీ రాలేదు.

"కథలు చెప్పానమ్మా."

డాక్టరమ్మ రాయడం ఆపి అతని వైపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని చిన్న మేస్త్రికి అనిపించింది.

"కాలం మారి వెలుతురు తగ్గితే కొందరికి మనసు ఇలా కుంగిపోతుంది," అందామె. "మందులున్నాయి, మానకుండా వేయండి. రోజూ పొద్దున్నే లేపి, ఎంత మబ్బున్నా సరే, కాసేపు బయట వెలుతురులో నడిపించండి. వేళకి తిండి, వేళకి నిద్ర. ఇంకో ఏడు మబ్బు పట్టేదాకా ఆగకండి, ముందే తీసుకురండి. బతకబుద్ధి కావటం లేదని మళ్ళీ ఎప్పుడైనా అంటే ఒంటరిగా వదలకండి, ఆ క్షణమే ఇక్కడికి తీసుకొచ్చేయండి. అన్నిటికంటే ముందు, బాగోలేదని అంటే నమ్మే మనిషి పక్కనుండాలి."

ఆఖరి మాట అనేటప్పుడు ఆమె మందుల చీటీ వైపే చూస్తోంది. ఆ మాట మాత్రం సూటిగా చిన్న మేస్త్రి డొక్కలో దిగింది.

వేరే ఊళ్ళో బడిలో గంట కొట్టే అక్క ఆ మధ్యాహ్నం వచ్చింది. వేళ తప్పని మనిషి. రాగానే చిన్న మేస్త్రి చెవి మెలిపెట్టింది. మెలిపెట్టిన చెవి పట్టుకునే ఏడ్చింది.

"వాణ్ణి నేను తీసుకెళ్తున్నాను," అంది.

"నేను చూసుకుంటానే అక్కా. ఒట్టు. ఇంక నోరెత్తను."

"వాణ్ణే అడుగు."

పెద్ద మేస్త్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. తమ్ముడి చొక్కా మీద ఎండిన రంగు మరక ఒకటుంటే దాన్ని గోటితో గీకుతూ మాట్లాడాడు.

"నువ్వు చెడ్డవాడివి కాదురా చిన్నోడా. నా పరువు కోసమే చేశావు, నాకు తెలుసు. కానీ నీ దగ్గరుంటే నాకు జబ్బు చేసిందన్న నమ్మకం నాకే పోతోంది. ఆ రోజు నువ్వు నవ్వించావు చూడు, నాక్కూడా ఒక్క నిమిషం నవ్వొచ్చిందిరా. అదే నాకు భయం."

"ఎండలొచ్చాక వస్తావుగా అన్నయ్యా?"

"రాను."

చిన్న మేస్త్రి తల దించుకున్నాడు.

"వీధిలో అడుగుతారు కదా," అన్నాడు పెద్ద మేస్త్రి. "జబ్బు చేసిందని చెప్పు. అంతే చెప్పు. ఇంకొక్క ముక్క కూడా కలపకు."

బస్సు కదిలేటప్పుడు అక్క కిటికీలోంచి చెయ్యి ఊపింది. పెద్ద మేస్త్రి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. బస్సు మలుపు తిరిగాక కూడా చిన్న మేస్త్రి చాలాసేపు చెయ్యెత్తే ఉంచాడు. చివరికి భార్య ఆ చేతిని పట్టుకుని కిందకి దించింది.

వానలు వెలిశాయి. వేలాడే పలక అటకెక్కింది. స్టూలు ఎంత ఎత్తుందో అంత ఎత్తు గోడలకే రంగు వేస్తున్నాడు చిన్న మేస్త్రి. రెండో తాడుకి ఇంకెవరినైనా పెట్టుకోమంది భార్య. అతను విననట్టే బ్రష్షు కడుక్కున్నాడు. అక్క దగ్గర్నుంచి వారానికోసారి ఫోను వచ్చేది. లేస్తున్నాడు, తింటున్నాడు, పొద్దున్నే బడి దాకా నడిచొస్తున్నాడు. ఫోను ఇవ్వనా అని అక్క అడిగేది, ఇటు తమ్ముణ్ణి కాదు, అటు పెద్ద మేస్త్రిని. అవతల కాసేపు ఏ చప్పుడూ ఉండేది కాదు. ఆ తర్వాత మళ్ళీ అక్క గొంతే వినపడేది.

ఓ మధ్యాహ్నం చిన్న మేస్త్రి సెలూన్ ముందు నుంచి వెళ్తుంటే పట్టుకుని లోపలికి లాగారు.

"ఏమయ్యా, ఎండలొచ్చినా మీ అన్న దిగలేదే? ఈసారి ఎక్కడికెళ్ళాడు?"

"అన్నయ్యకి జబ్బు చేసింది," అన్నాడు చిన్న మేస్త్రి.

ఫక్కున నవ్వారు. "ఎవరికి రంగు వేస్తే పట్టుకుంది జబ్బు?"

"అన్నయ్యకి జబ్బు చేసింది."

"చంద్రుడికి మచ్చలు చెరపబోయి చలి పట్టిందా? చెప్పు మేస్త్రీ, ఊరించకు!"

"అన్నయ్యకి జబ్బు చేసింది," అన్నాడు మూడోసారి. తొమ్మిదేళ్ళు ఊరంతటినీ నవ్వించిన నోటికి ఈ మూడు మాటలు దాటి ఒక్క మాట కూడా దొరకలేదు. కాసేపటికి ఎలాగో అన్నాడు. "ఆ రోజు ఇక్కడ నిలబడి చెప్పాడే, అదంతా నిజం. నేనే నవ్వించాను. వెళ్ళిపోయాడు. ఇంక రాడు."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. వెనక బల్ల మీద ఎవరో ఇంకా నవ్వుతుంటే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చూద్దామన్నా చుట్టూ అద్దాలు, ఎటు తిరిగినా ఎవరి మొహం వాళ్ళకే కనపడుతోంది.

కుర్చీలో ఒకాయన మెడ దాకా నురగతో వెనక్కి వాలి ఉన్నాడు. అతని మీద కత్తి పట్టుకుని నిలబడ్డ సెలూనాయన చెయ్యి వణకడం మొదలైంది.

"అగ్గిపెట్టె ఇవ్వమంటావా అన్నానయ్యా నేను," అన్నాడు. "మా అమ్మ కూడా అంతే. మబ్బు పడితే గోడ వైపు తిరిగి కూర్చునేది. పెద్దతనం అనుకున్నాం. ఒక్కసారి కూడా అడగలేదు. ఏమ్మా ఎలా ఉంది అని ఒక్కసారి కూడా..."

కత్తి చేతిలో ఉండగానే సెలూనాయన బావురుమన్నాడు. చిన్న మేస్త్రి నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. కన్నీళ్ళు ఎంతలా కారాయంటే కింద రాలిన వెంట్రుకలు తేలుకుంటూ గుమ్మం దాటాయి.

అప్పుడు కుర్చీలో వాలి ఉన్నాయన, కప్పు వైపే చూస్తూ, తల ఇంతైనా కదపకుండా సెలూనాయనతో అన్నాడు.

"ఏడ్చేదేదో ఇప్పుడే పూర్తిగా ఏడ్చెయ్యవయ్యా. గడ్డం అయిపోయింది, ఇంక గొంతు ఒక్కటే మిగిలింది."