సున్నా వేసిన గడి

ఆవిడ వేసింది ఒక్క సున్నా. దాని పుణ్యమా అని కొలతల గది బాబాయి కళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది.

బాబాయంటే సొంత బాబాయి కాదు. తయారైన యాంటెన్నాలను కొలిచే పెద్దాయన; ఆఫీసంతా అలాగే పిలుస్తుంది. వాటిని ముందుగా కంప్యూటర్లో లెక్కగట్టేది ఆవిడ. యాంటెన్నా రేకు మీద కరెంటు ఏయే తీరుల్లో పారుతుందో, ఏ తీరు బాగా ప్రసారం చేస్తుందో విడదీసి చూడటం ఆవిడ పని.

ఈసారి రేకు చుట్టూ ప్లాస్టిక్ తొడుగు. మాయదారి ప్లాస్టిక్! శక్తిని మింగి వేడి చేసేస్తుంది. ఆ నష్టాన్ని లెక్కలో కలిపితే బయటికి పోయేదీ, వేడిగా పోయేదీ కలగాపులగమై తీరులు విడిపోవు. మూడు వారాలు కుస్తీ పట్టింది. మీటింగ్ ముంచుకొస్తుంటే నష్టం గడిలో సున్నా వేసేసింది. ఎంత ముద్దుగా విడిపోయాయనీ! 'తర్వాత సరిచేద్దాంలే' అనుకుంది. ఆ తర్వాత ఎప్పుడైనా వస్తుందా, చెప్పండి?

లెక్క ప్రకారం యాంటెన్నాకిచ్చిన శక్తిలో వందకు తొంభై పాళ్ళు బయటికి పోవాలి. బాబాయి కొలిస్తే నలభై ఐదు.

"బాబాయికి చూపు ఆనట్లేదు. యాంటెన్నా నిలబెట్టే స్టాండు మీద గీతలు సరిగా కలపట్లేదు. ఇక స్టోరుకి పంపిద్దాం" అన్నాడు మేనేజరు. ఆవిడ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

బాబాయి పదకొండుసార్లు కొలిచాడు. కేబుళ్ళు మార్చాడు. చివరికి కొత్త కళ్ళద్దాలతో వచ్చి, "ఇప్పుడైనా నీ లెక్కకి దగ్గరగా వస్తుందేమో చూద్దామమ్మా" అన్నాడు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

స్టోరుకు మార్చే కాగితం మీద బాబాయి సంతకం పెట్టాల్సిన రోజు, ఆయన కలం తీసేసరికి ఆవిడ మేనేజరు గదిలోకి దూసుకెళ్ళింది.

"తప్పు నాదండీ. ప్లాస్టిక్ నష్టం సున్నా అని వేశాను. తెలిసే వేశాను. ఇవాళ అసలు అంకె వేసి చూశాను. తీరులు అంత ముద్దుగా విడిపోలేదు గానీ, నలభై ఆరొచ్చింది."

మేనేజరు మొహం మాడిపోయింది. కాగితం వెనక్కి లాక్కున్నాడు. బాబాయి తిడతాడనుకుంది, తిడితే బాగుండుననీ అనుకుంది. ఆయన కలానికి మూత పెట్టి, మెల్లగా కళ్ళద్దాలు తీశాడు.

"నా కళ్ళకేం లేదని డాక్టరు అప్పుడే చెప్పాడమ్మా. నేనే బతిమాలి ఇవి రాయించుకున్నా. ఆయన మాట నమ్మలేదు, నీ లెక్కని నమ్మాను."