సుంకప్ప క్యాసెట్టులో ఖాళీలు

బెళుగుప్పలో శనివారం పొద్దున సుంకప్ప భజన ఎత్తుకుంటే, గుడిలో రాతిపలక మీది ఆంజనేయుడు తోకతో తాళం వేస్తాడు. సుంకప్ప నాయన కాలం నుంచీ ఇంతే. తోక ఊగినప్పుడు సిందూరం రాలుతుంది గనక పూజారి కింద విస్తరాకు పరుస్తాడు. స్వామి దయ, అందులో మాట్లాడుకునేదేముంది చెప్పండి!

ఊరంతా మాట్లాడుకునింది క్యాసెట్టు గురించి. ఎనభై ఆరులో సుంకప్ప బృందం అనంతపురం పోయి కొత్త పాటలు రికార్డు చేయించుకొచ్చింది. అప్పటి నుంచి ఆయనకు వీధిలో నడిచే దారి లేదు.

"ఏమప్పా సుంకన్నా, అంతా పాతదే పాడినావే?" అన్నాడు టీ హోటలు లింగప్ప.

"యాడప్పా పాతది? ఆ పాత రుచి యాడుండాది దీంట్లో?" అన్నాడు పక్కనున్న తిప్పయ్య.

'ముసలి గొంతులకు కొత్త చొక్కా' అని పేపర్లో ఎవరో రాస్తే, లింగప్ప దాన్ని కత్తిరించి బన్నుల సీసాకు అంటించినాడు.

అందరూ ఒప్పుకున్న తప్పు మాత్రం ఒకటుంది. భజనలో సుంకప్ప ఒక చరణం పాడి ఆగితే జనం అందుకుంటారు. రికార్డింగు గదిలో జనం యాడుంటారు? అయినా ఆయన అలవాటు కొద్దీ ప్రతి చరణానికీ ఆగినాడు. ఆ ఖాళీలన్నీ అట్లే క్యాసెట్లోకి ఎక్కినాయి.

"నువ్వు ఊరికే కూచునేది వినేకా మేం కొనింది?" అని నిలదీసినాడు లింగప్ప.

"అలవాటప్పా! ఏం జేయమంటావ్, సావమంటావా?" అని అరిచి సుంకప్ప ఇంటికొచ్చినాడు.

"సంగటి సల్లారతాండాది. తిని కోప్పడు," అనింది భార్య నల్లమ్మ.

చివరికి ఊరి పెద్ద హనుమంతరాయుడు తీర్పు చెప్పినాడు. "శనివారం క్యాసెట్టు స్వామి ముందర పెడదాం. తోక కదిలితే శ్రీరామనవమి భజన మీదే. లేదంటే కుందుర్పి ఊరి భజన పిల్లోళ్లను పిలుస్తాం. సినిమా వరసలు బాగా కడతారంట."

నవమి భజన పోతే, నాయన చేతికిచ్చి పోయిన చిడతలు అటకెక్కినట్టే.

శనివారం లింగప్ప తన టేపురికార్డరు తెచ్చి గడప దగ్గర పెట్టినాడు. సుంకప్ప స్తంభం వెనక మొహం తిప్పుకొని కూర్చున్నాడు. 'ఎండిన బాయికి ఊటవు నీవే రామా' అని పాట మొదలైంది, ఆగింది. బుస్సుమని టేపు తిరిగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తోక కదల్లేదు. రెండో చరణానికీ కదల్లేదు.

"చూస్తిరా?" అన్నాడు లింగప్ప.

మూడో ఖాళీకి నల్లమ్మ ఓపిక తెగింది. "ఏమప్పా, నోర్లు పడిపోయినాయా మీకు? ఆయప్ప ఆగింది యెవరికోసరం?" అని కసిరి, తానే ఆ చరణం అందుకునింది. ఆడవాళ్లు కలిసినారు. తిప్పయ్య కలిసినాడు. విస్తరాకు మీద సిందూరం చిటుక్కున రాలింది.

క్యాసెట్టు టక్కుమని అయిపోయింది. తోక ఆగలేదు.

పూజారి హారతి తట్ట పట్టుకొని అట్లే నిలబడిపోయినాడు. లింగప్ప గాభరాగా స్తంభం దగ్గరికి పరుగెత్తినాడు. "లేయన్నా! స్వామి ఇంకా తాళం వేస్తాండాడు!"

"పాతది పాడల్లనా, కొత్తదా?" అన్నాడు సుంకప్ప, కదలకుండా.

"ఏదో ఒకటి ఎత్తుకోప్పా, మహానుభావా!"

సుంకప్ప చిడతలు తీసి ఒక చరణం పాడినాడు, ఆగినాడు. అందరికంటే ముందు అందుకునింది లింగప్ప గొంతే.