ఏటికి ఆవలి తొమ్మిదో తరగతి

నేను ఒక పుట్టిని. నన్ను మొదటిసారి కృష్ణలో దించిన పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. చుక్క ఒక్కటే, పోవాలా వద్దా అన్నట్టు, పడమట మిగిలిపోయింది.

వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, యూరియా సంచులు విప్పి కుట్టి, అడుగున తారు పూసి నన్ను చేశారు. నాకు ముందు లేదు, వెనక లేదు. ఏ ఒడ్డుకు చేరితే ఆ ఒడ్డు నాదే. ఏటికి ఈ పక్క ఒక రాష్ట్రం, ఆ పక్క ఇంకో రాష్ట్రం అని మనుషులు అనుకోగా విన్నాను. ఆ గీత నీళ్లలో ఎక్కడుందో, ఇన్నేళ్లు తిరిగినా నాకు తగల్లేదు.

నన్ను చేయించినవాడు చేపలు పట్టేవాడు. నడుము పట్టేశాక ఒక మేకపోతుకు బదులుగా నన్ను తాయప్పకు ఇచ్చేశాడు. తాయప్ప మనుషులను దాటించేవాడు. మాట తక్కువ. భార్య ఏడాదిలో పది నెలలు పుణె వైపు వలస కూలికి పోయేది. ఇంట్లో తానూ, కూతురు శివలీలా.

ఈ పక్క హైస్కూలు పన్నెండు కిలోమీటర్లు, సరైన దారి లేదు. ఆ పక్క బడి ఒడ్డెక్కితే కనబడుతుంది. అందుకే ఊళ్లో మిగతా పిల్లల్లాగే శివలీల కూడా ఆరో తరగతికి ఆ పక్కనే చేరింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ పిల్లను దాటించేవాణ్ని. పుస్తకాల సంచి తడవకుండా ఒళ్లో పెట్టుకుని పాఠం పైకి చదివేది. తాయప్పకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా తెడ్డు వేస్తూ ఊఁ కొట్టేవాడు. ఆ పిల్లను దించి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు అదే తెడ్డు బరువుగా పడేది. ఆ తేడా నాకొక్కడికే తెలుసు.

ఎనిమిదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో ఈ పక్క తారు రోడ్డు పడింది, బస్సు వచ్చింది. ఊళ్లో పిల్లలందరూ పన్నెండు కిలోమీటర్ల హైస్కూలుకు మారిపోయారు.

"ఈ ఒక్క ఏడు ఆడనే సదువుకో బిడ్డా. నడుమల మారిస్తె ఆగమైతవ్," అన్నాడు తాయప్ప.

"అవు నాయినా. బస్సుల నాకు కక్కొస్తది," అంది శివలీల.

ఆ ఏడాది నాలో వాళ్లిద్దరే. మరుసటేడు వరద నాలుగు నెలలు తీయలేదు. అప్పుడిక పదో తరగతికి బస్సు ఎక్కక తప్పలేదు. ఇంటరూ ఈ పక్కే.

వ్యవసాయ కాలేజీ కోసం రాసిన పరీక్షలో శివలీలకు మంచి ర్యాంకు వచ్చింది. చదివిన ఏడేళ్ల కాగితాలు తెమ్మన్నారు. మూడేళ్ల తర్వాత ఆ పిల్ల మళ్లీ నాలో కూర్చుంది. ఆ పక్క బడిలో ఇచ్చిన నాలుగేళ్ల సర్టిఫికెట్టును, ఒకప్పటి సంచిలాగే ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చింది. అది తనకు అడ్డుపడే కాగితమని ఆ పిల్లకు తెలియదు. నాకూ తెలియదు.

సీట్లు ఇచ్చిన రోజు ఇద్దరూ పట్నం నుంచి వచ్చి, ఇంటికి పోకుండా ఏటి ఒడ్డుకే వచ్చారు. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఊరి జాలరి బాలప్ప తలెత్తాడు.

"ఏమాయె తాయప్పా? సీటు సంకల పెట్టుకొచ్చినవా?"

"నాన్‌లోకల్ అన్నరు."

"ఎవలను?"

"నా బిడ్డను."

"థూ! మీ తాతను గీ గట్టుమీదనే బొందపెడితిమి. పిల్ల బయటిదెట్లైతది?"

తాయప్ప వేళ్లు చూపించాడు. చివరి ఏడేళ్లలో ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడివాళ్లేనట. ఆ పక్క నాలుగు, ఈ పక్క మూడు. లోకల్ అయితే ఆ ర్యాంకుకు సీటు వచ్చేది, ఫీజు చాలావరకు సర్కారే కట్టేది. బయటివాళ్లకుండే కొద్ది సీట్లు ఆమె దాకా రాలేదు. పూర్తి ఫీజు కట్టి చేరే సీటుందన్నారట. అది ఎంతో విని తాయప్ప కుర్చీలోంచి లేచి వచ్చేశాడు.

"ఆ పక్క బడికి ఎందుకు పంపినవని అడిగిండ్రు. ఏరు దగ్గర సార్, తొవ్వ దూరం అన్న. రాసుకోలే."

"మరి ఆ పక్కోళ్లనన్న అడుగకపోయినవా?"

"అడిగిన. ఇల్లు ఈ పక్కుంది, మీరు మాకు బయటోళ్లు అన్నరు."

"అంటే ఇగ ఏరే మీ ఊరు. పుట్టికి ఇంటి నంబరు ఏపిచ్చుకో," అని బాలప్ప నవ్వాడు. శివలీల ముఖం చూసి నవ్వు మధ్యలో ఆపేశాడు. వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తాయప్ప నన్ను గట్టు మీదికి ఈడ్చి బోర్లించాడు. మళ్లీ తారు పూయలేదు. ఇప్పుడు నా కింద కోళ్లు పొదుగుతాయి. శివలీల దగ్గరి టౌన్‌లో మామూలు డిగ్రీలో చేరింది. రోజూ బస్సులో పోయి వస్తుంది. తాయప్ప పొద్దున్నే వచ్చి నన్ను ఆనుకుని కూర్చుంటాడు. మనుషులు నన్ను ఏమీ అనలేదు. కానీ ఆ నాలుగో ఏడు మోసింది నేనే.

ఒక పొద్దున శివలీల బస్సు వేళకు ముందే రొట్టెల మూట పట్టుకుని గట్టుకు వచ్చింది. తాయప్ప చాలాసేపు నా పగిలిన తారు గోకుతూ ఉన్నాడు.

"ఆ ఒక్క ఏడు నిన్ను బస్సుల పంపుంటే నీ సీటు నీకు వస్తుండె," అన్నాడు చివరికి. "ఆగమైతవన్నది ఉత్త మాట బిడ్డా. నాకు ఒక్కణ్నే పోబుద్ధి కాలే."

శివలీల మూట విప్పుతూనే ఉంది.

"కక్కొస్తదన్న గద నాయినా. అప్పటికి నేను బస్సు ఎక్కనే లేదు."

తాయప్ప ఆమె వైపు చూశాడు. ఆమె జొన్నరొట్టె సగానికి విరిచి, పుంటికూర పెట్టి ఆయన చేతిలో ఉంచింది. రోడ్డు మీద బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. ఆ పిల్ల లేవలేదు. ఇద్దరూ నన్ను ఆనుకుని, ఏటి వైపు చూస్తూ, రొట్టె అయిపోయేదాకా అక్కడే కూర్చుని తిన్నారు.