ఉప్పు వేసిన చెయ్యి

గుమ్మడాకుల కూరలో ఉప్పు వేసి మూత పెట్టాను. పక్క పొయ్యి మీద మొక్కజొన్న పిండి గట్టిపడి న్సీమా ముద్ద అవుతోంది. రెండు చేతులతో తెడ్డు తిప్పుతుంటే భుజాలు లాగేస్తున్నాయి. ఆ వాసనకి నోరూరుతోంది. ఊరినందుకు నోటి మీద కోపం వస్తోంది. శనివారం లీగ్ ఫైనల్, అప్పటిదాకా ఓర్చుకోమని కడుపుకి చెప్పుకున్నాను. పోయిన టోర్నమెంటుకీ దానికి ఇదే చెప్పాను.

మా ఇంట్లో ఆకలి దాచడం తేలికే. ఆడవాళ్లం చాప మీద చేరి ఒకే పళ్లెంలో చేతులు పెడతాం. గోరంత ముద్ద చేసి, కూరలో ముంచి, కబుర్లు చెబుతూ నెమ్మదిగా నములుతుంటే ఎవరెంత తిన్నారో ఎవరికి తెలుస్తుంది? నా వాటా మా ఆడపడుచు తినేస్తుంది. పిల్ల నిగనిగలాడుతోంది, అంతా నా పుణ్యమే.

ఇదంతా కొత్త డ్రెస్సులతో మొదలైంది. నెట్‌బాల్ ఇదివరకు వదులు గౌన్లలో ఆడేవాళ్లం. ఇప్పుడొచ్చినవి ఒంటికి అతుక్కుపోయేవి, అన్నీ చిన్న సైజులే. నాది నడుం దగ్గర బిగిసింది. మా కోచ్ కపేని మేడమ్ అక్కడి కండని రెండు వేళ్లతో పట్టుకుని అందరి ముందూ ఊపింది. "తియమికే, ఇదెవరే? దీన్ని కూడా జట్టులో ఆడించాలా?" అంది. అమ్మాయిలు నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎదుటి జట్టు బంతిని గాల్లోనే లాక్కునేది నేను. మా బ్లాంటైర్ ఊరు మొత్తంలో నాలా ఎగిరే పిల్ల లేదన్నది ఆవిడే. "సైజు మారదు, నువ్వే మారాలి" అన్నదీ ఆవిడే. మారాను. పోయిన వారం ఎగరబోతే కాళ్లు లేవలేదు, బంతి నా తల మీదుగా వెళ్లిపోయింది.

ఇంట్లో ఇంకో రకం. "పెళ్లాన్ని పస్తులు పెడుతున్నాడంటున్నారే నన్ను! ఏదో జబ్బని కూడా గుసగుసలు. నా పరువు తియ్యకు" అన్నాడు మా ఆయన లింబాని. నువ్వెలా ఉన్నావని మాత్రం అడగలేదు. కోచ్‌కి నేను లావు, మొగుడికి బక్క. నా ఒంటి గురించి మాట్లాడే హక్కు అందరికీ ఉంది, నాకు తప్ప.

నెలసరి ఎప్పుడో ఆగిపోయింది. ఆసుపత్రిలో నర్సు పరీక్ష చేసి, "గర్భం కాదమ్మా. అసలేం తింటున్నావు?" అంది. మాట దాటేసి వచ్చేశాను. నిజం తెలిస్తే ఇంట్లో ఆట మాన్పిస్తారు. ఆట పోతే నాకు మిగిలేది ఈ వంటిల్లే.

ముందుగదిలో మా ఆయనకి పళ్లెం పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని ఆయన చేతుల మీద నీళ్లు పోస్తున్నాను. కళ్లు బైర్లు కమ్మాయి. చెంబు జారి ఆయన ప్యాంటు తడిసిపోయింది.

"కళ్లు నెత్తికెక్కాయా?" అని అరిచాడు.

"దాన్నేమీ అనకురా!" అంటూ అత్తయ్య వచ్చింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది. "నేను కనిపెడుతూనే ఉన్నా. ఈ పిల్ల కూరలో ఉప్పు నన్ను వెయ్యమని అడిగి ఎన్ని నెలలైందో!"

ముట్టయినప్పుడు మేం కూరలో ఉప్పు వెయ్యం. 'అత్తయ్యా, కాస్త ఉప్పు వేస్తారా' అంటే చాలు, ఇంట్లో ఆడవాళ్లందరికీ అర్థమైపోతుంది. అన్నీ దాచినదాన్ని, నెలకోసారి ఆ మాట అనడం మరిచిపోయాను.

"నిజమా? చెప్పవేం మరి!" లింబాని తడి ప్యాంటు సంగతే మరిచి ఫోన్ తీశాడు. "ఇక ఆ గంతులు చాలు. శనివారం రాదని మీ మేడమ్‌కి ఇప్పుడే చెప్పేస్తా."

"ముందు నన్ను అడగండి" అన్నాను. వినిపించుకోలేదు. ఫోన్ మోగుతోంది. అత్తయ్య నా తల నిమురుతోంది. పెళ్లయ్యాక ఆ చెయ్యి నా తల మీదికి రావడం ఇదే మొదటిసారి. నోరు మూసుకుంటే ఈ ప్రేమ కొన్నాళ్లు నాదే. నాకది కావాలనిపించింది కూడా. అవతల మేడమ్ "హలో" అంది.

లేచి ఫోన్ లాక్కున్నాను.

"కడుపులో బిడ్డ లేదు, అత్తయ్యా. తిండి కూడా లేదు. ఇన్ని నెలలూ మీ పక్కనే కూర్చుని తినకుండా లేచిపోతున్నాను."

ఫోన్లో మేడమ్ "ఎవరూ? ఏమైంది?" అంటోంది.

"నేనే మేడమ్, తియమికేని. శనివారం వస్తాను, తినే వస్తాను. ఆ డ్రెస్సు నాకు పట్టదు. పెద్దది తెప్పించండి."

"లేకపోతే?"

"లేకపోతే నేను లేకుండా ఆడుకోండి."

ఫోన్ పెట్టేశాను. ఎదురుగా ఉన్నది మా ఆయన పళ్లెం, ఆడవాళ్లు చెయ్యి పెట్టని పళ్లెం. కూర్చుని అందులోంచే పిడికెడు ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. లావైపోతానని అప్పుడు కూడా భయం వేసింది. ఆ భయంతోనే ఇంకో ముద్ద తీసుకున్నాను.